ఒక పొర జార్జెట్

ఆగస్టు 10, ఆదివారం

ప్రణయ్‌కి ఇరవై రెండు వేల రూపాయల హెడ్‌ఫోన్లు కావాలట. కుదరదని చెప్పాను.

"బాపమ్మా, మిక్సింగ్‌కు ఇవి పనికిరావు. గొంతులన్నీ కంబలి కప్పుకున్నట్టు వినిపిస్తయి" అంటూ తన పాతవి నా ముందు పెట్టాడు. మూడున్నర వేలకు కొన్నవి. విరగలేదు, తీగ తెగలేదు. తల మీది పట్టీ తోలు కాస్త పొట్టు రేగింది, అంతే.

"పనికి రాకపోతే పనికొచ్చేటట్టు చేసుకోవాలె. ఇంట్ల ఏ వస్తువైనా గంతే" అన్నాను.

ఈసారి బతుకమ్మకు ఈ గుజరాతీ ఊళ్ళోని మన తెలుగు సంఘం సొంతంగా ఒక పాట చేయిస్తోంది. కార్యదర్శి సంపత్ ఆ పని నా మనవడికి అప్పగించాడు. పాడించడం, వాయిద్యాలు కలపడం, మైదానంలో పెద్ద స్పీకర్లలో మోగేలా సిద్ధం చేయడం, అన్నీ వీడే చేయాలి. వీడి తండ్రి ఓంప్రకాష్ షరతు పెట్టాడు. పాట నలుగురికీ నచ్చితే ప్రణయ్ ఈ దారిలోనే ఉండవచ్చు. నచ్చకపోతే దసరా మర్నాడు పల్సానాలోని బట్టల మిల్లులో సూపర్‌వైజరుగా చేరాలి. అక్కడ మాట ఇచ్చేసి కూడా వచ్చాడు. తండ్రిగా నా కొడుకు అన్నదాంట్లో తప్పు లేదు. పిల్లవాడికి ఒక అవకాశం కావాలన్నదాంట్లోనూ తప్పు లేదు. దానికి ఇరవై రెండు వేలు ఎందుకన్నదే నా ప్రశ్న.

సాయంత్రం నేనే పెట్టుకుని విన్నాను. వాడు చెప్పింది నిజమే. పాడే మనిషి మాట నోట్లోనే ఉండిపోతోంది. ఆ కంపెనీ వాళ్ళకు చేతకాలేదు. నేను బాగుచేస్తాను.

ఆగస్టు 12

చదువుతున్నాను, వీడియోలు చూస్తున్నాను. కింద అక్షరాలు పడే వీడియోలు మాత్రమే. మిగిలినవాళ్ళు స్పష్టంగా మాట్లాడరు.

విషయం కష్టమైనదేమీ కాదు. చెవి మీది డిప్పలో ఒక పల్చటి పొర ముందుకూ వెనక్కూ ఆడుతూ గాలిని కదుపుతుంది. ఆ గాలి చెవికి చేరే దారిలో ఏ గుడ్డ అడ్డం ఉందో దాన్ని బట్టి సన్నటి ధ్వనులు తగ్గుతాయి, పెరుగుతాయి. వెనక డిప్పలో ఎంత దూది ఉందో దాన్ని బట్టి బరువైన మోతలు తగ్గుతాయి. ఇంతే. గాలి, గుడ్డ, దూది. కింది అంతస్తులో పవర్‌లూమ్ సాంచాలు నడుపుకునే ఇంటికి వీటి గురించి బయటివాళ్ళు పాఠం చెప్పాలా? గుడ్డను మణికట్టు మీద పరిచి నోటితో ఊదితే, కింద చర్మానికి తగిలే గాలిని బట్టి నేత ఎంత పల్చనో నేను చెప్పగలను. బడిలో పాఠాలు చెప్పి వచ్చి, సాయంత్రాలు కార్ఖానాలో లెక్కల బల్ల దగ్గర కూర్చున్న మనిషిని.

ఆగస్టు 13

కాలింగ్ బెల్ పాడైంది. మార్చమని ఓంప్రకాష్‌కు చెప్పాను. బాగానే ఉందంటాడు. పొదుపు మంచిదే కానీ ఇలా కాదు.

ఆగస్టు 16

ఇవాళ విప్పాను. చెవి మెత్తలు లాగితే వచ్చేశాయి. పొరకు ముందు గుండ్రంగా కోసిన మందపాటి ఫెల్టు ముక్క అతికించి ఉంది. దొంగ అక్కడే దొరికాడు. అంత దళసరి ఫెల్టు పెడితే మాట ఎలా బయటికి వస్తుంది? పట్టకారుతో పీకేశాను.

దాని స్థానంలో పొరకు దుమ్ము పడకుండా ఏదో ఒకటి కావాలి. మన కార్ఖానాలో ఉన్న తానులన్నీ ఊది చూశాను. షిఫాన్ మరీ జారుతుంది. నెట్ కళ్ళు పెద్దవి. జార్జెట్ సరిపోయింది. ఒక పొర. డిప్ప లోపల పిల్లలు ఆడుకునే మట్టి పల్చగా మెత్తి, దాని మీద దూది పరిచాను. పొట్టు రేగిన పట్టీకి వెల్వెట్ కుట్టాను. మొత్తం ఖర్చు నూట నలభై రూపాయలు. మట్టికే ఎక్కువయింది.

ఇంత పని చేస్తుంటే కోడలు సంతోషి వంటింట్లోకి వచ్చి తల పట్టుకుంది. "అత్తమ్మా, కుక్కర్ గన్ని విజిల్సు పెట్టింది, పక్కన్నే కూసున్నరు. బంద్ చెయ్యరాదా?"

కుక్కర్ విజిల్ వేయలేదు. గాస్కెట్ పోయి ఉంటుంది. పప్పు మాడింది.

ఆగస్టు 17, ఆదివారం

పరీక్ష పెట్టాను. ఒకరి మాట మీద ఆధారపడే మనిషిని కాను నేను.

మొదట మా ఆయన విన్నారు. కళ్ళు పెద్దవి చేసి, "అరె! మనిషి ఎదురుంగ కూసొని పాడినట్టే ఉన్నది గదా" అన్నారు. ఆయన పాట విని మాట్లాడి ఎంత కాలమైందో. తరవాత ఓంప్రకాష్. "బరాబర్ ఉన్నది" అన్నాడు, ఒప్పుకోవడం ఇష్టం లేకపోయినా. తరవాత కనకవ్వ. మన దగ్గర కండెలు చుట్టడం మొదలుపెట్టినప్పుడు ఆమె జుట్టు నల్లగా ఉండేది.

"టీచరమ్మా, గీ డబ్బాల సాఫ్ వినిపిస్తది. మీరు చెప్తే మాత్రం మూతి చూడాలె నాకు" అంది.

"సాంచాల మధ్యల అందరం గంతే కదనే" అన్నాను.

నిజమే కదా. కార్ఖానా చప్పుడులో మాట వినేదెవరు? పెదవులు చూసి, చేతులు చూసి పని నడిపించుకుంటాం. అదొక విద్య. ఇప్పటి పిల్లలకు అది రాదు.

చివర ప్రణయ్. కాసేపు విని, "జర తేజ్ కొడ్తున్నది బాపమ్మా. చప్పట్లు గుచ్చుకుంటున్నయి" అన్నాడు.

"ఇన్ని రోజులు కంబలి కింద విన్నవు. ఎండల నిలబడంగనే కండ్లు మండుతయి. అలవాటైతది."

ముగ్గురి మాట ఒకటి, నాదీ అదే. వాడు తలూపాడు. వాడిలో నాకు నచ్చేది అదే, పెద్దల మాట వింటాడు.

ఆగస్టు 21

అలవాటైందట. చెప్పాను కదా.

ఆగస్టు 24, ఆదివారం

పాడే అమ్మాయి ఊరి చివర కామ్‌రేజ్ నుంచి వచ్చింది. పేరు సింధూజ. బి.కాం. చదువుతోంది. వాళ్ళ నాన్న బ్యాంకులో పని చేస్తాడు, హౌసింగ్ సొసైటీలో ఆరో అంతస్తు, చుట్టూ చెట్లూ పార్కూ ఉన్నాయట. పాడుతుంటే మెడ నరాలు కనిపిస్తాయి. మనిషి వినయంగానే ఉంది, హెడ్‌ఫోన్లు పెట్టుకునేవరకు.

పెట్టుకుని, ఒక్క క్షణంలో తీసేసి, చెవులు రుద్దుకుంది.

"సచ్ చెప్పాల్నా టీచర్? బహుత్ షార్ప్ ఉన్నది. సూదులు గుచ్చినట్టు. దీంట్ల మిక్స్ చేస్తే కష్టం."

"నలుగురు పెద్దోళ్ళు విని మంచిగున్నదన్నరు" అన్నాను.

"నలుగురు ఎవరు?"

ఎవరైతే నీకెందుకు అనలేదు. చెప్పాను. ఆ పిల్ల ప్రణయ్ వైపు చూసింది, ప్రణయ్ నేల వైపు చూశాడు. ఆమె హెడ్‌ఫోన్లు జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. ఎక్కడ ఆగాలో తెలిసిన పిల్ల, అది మెచ్చుకోవాలి. కానీ చెట్ల మధ్య పెరిగిన సుకుమారం. అలాంటి వాళ్ళకు తాలింపు చప్పుడు కూడా ఎక్కువే.

ఆగస్టు 31

పాట దాదాపు అయిపోయింది. చప్పట్లు గుచ్చుతున్నాయని బాగా తగ్గించాడట. గాజుల చప్పుడు కూడా. మంచిదే, ఏదీ మితిమీరకూడదు. నేను విని రెండు చోట్ల దిద్దించాను. సంపత్‌కు ఫోన్ చేసి, నా మనవడి పాటకు ఈసారి మైదానం ఊగుతుందని చెప్పాను.

సెప్టెంబర్ 7, ఆదివారం

గణపతి నిమజ్జనం నిన్నటితో అయింది కనుక స్పీకర్లు ఇవాళ మన మైదానానికి వచ్చాయి. మా లింబాయత్ పేట ఆడవాళ్ళంతా రిహార్సల్‌కు వచ్చారు.

పాట మొదలైంది. వలయం కదిలింది. రెండో చరణం వచ్చేసరికి సగం మంది ముందు చప్పట్లు కొడుతున్నారు, సగం మంది తరవాత. ఒకరి కాలు ఒకరు తొక్కుకున్నారు. వలయం ముద్దగా అయి ఆగిపోయింది. పిల్లలు నవ్వారు. నా పక్కన కనకవ్వ మాత్రం తప్పకుండా కొట్టింది, నేనూ కొట్టాను.

సంపత్ వచ్చాడు. "ఏందిరా ప్రణయ్ గిది? పరుపు మీద కట్టెతో కొట్టినట్టున్నది చప్పట్ల మోత. తాళమే దొరుకుతలేదు ఆడోళ్ళకు."

"స్పీకర్ల తప్పు" అన్నాను నేను.

సంపత్ అవే స్పీకర్లలో ఏదో పాత బతుకమ్మ పాట రికార్డింగు పెట్టించాడు. వలయం వెంటనే కదిలింది. చేతులన్నీ ఒక్కసారే కలిశాయి.

నాకు రెండు పాటలూ ఒకేలా వినిపించాయి. ఇది ఇక్కడ రాస్తున్నాను. ఎవరితోనూ అనలేదు.

గణపతికి డీజే పెట్టిన డిండోలీ కుర్రాడికి పాట ఇచ్చేస్తానన్నాడు సంపత్. ఓంప్రకాష్ అక్కడే ఉన్నాడు. ఇంటికి వస్తూ కొడుకు భుజం మీద చెయ్యి వేసి, "పోనీ తియ్. పల్సానాల జీతం మంచిగిస్తరు" అన్నాడు. కోప్పడి ఉంటే బాగుండేది.

సెప్టెంబర్ 8

పాటలో తప్పు లేదు. హెడ్‌ఫోన్లలో తప్పు లేదు.

సెప్టెంబర్ 9

తప్పు ఎక్కడుందో తేల్చాలి కనుక సింధూజను పిలిపించాను. ఆ పిల్ల చెవులే సుకుమారమని అందరి ముందూ తేలిపోతే ప్రణయ్ మనసు కుదుటపడుతుందని నా ఉద్దేశం. ఇవాళ సాంచాలకు సెలవు, ఇల్లంతా నిశ్శబ్దం.

లాప్‌టాప్‌లో ఒక ధ్వని ఉంటుందట. లావుగా మొదలై సన్నబడుతూ పోతుంది. దాన్ని గది మధ్యలో స్పీకరుకు పెట్టమన్నాను. అందరినీ వరసగా కూర్చోబెట్టాను. నియమాలు చెప్పాను. వినిపించినంతసేపూ చెయ్యి ఎత్తి ఉంచాలి, వినిపించకపోతే దించాలి. కళ్ళు మూసుకోవాలి, పక్కవాళ్ళను చూసి రాయడాలు ఉండవు. ఓంప్రకాష్ సణిగాడు కానీ ఎత్తాడు. మీట నొక్కడం వరకే కళ్ళు తెరిచి ఉంటానని, తరవాత తానూ మూసుకుంటానని సంతోషి ఒప్పుకుంది.

ధ్వని సన్నబడింది, ఇంకా సన్నబడింది, ఆగిపోయింది. చెయ్యి దించాను. కాసేపు ఆగి, "అయిపోయింది. అందరు కండ్లు తెరువుండ్రి" అన్నాను.

తెరిచాను. మా ఆయన చెయ్యి ఒళ్ళో ఉంది. కనకవ్వది కూడా. ఓంప్రకాష్ చెయ్యి అప్పుడే దిగుతోంది. సంతోషిది పైనే ఉంది. ప్రణయ్, సింధూజ చేతులు పైనే ఉన్నాయి. ఆ పిల్ల మొహం చిట్లించుకుని ఉంది, పళ్ళ మధ్య ఇసుక పడినట్టు. గదిలో నాకు ఏ ధ్వనీ లేదు. నిశ్శబ్దం.

"ఇంకా వస్తున్నదా?" అని అడిగాను.

"వస్తున్నది టీచర్" అంది సింధూజ, మెల్లగా. ఆమె పెదవులు చూసి తెలుసుకున్నాను.

సంతోషి చెయ్యి దిగింది. కార్ఖానాలో ఎవరు ఎక్కువ ఏళ్ళు కూర్చున్నారో వాళ్ళ చెయ్యి ముందు దిగింది. వరస ఎక్కడా తప్పలేదు.

మేం నలుగురం కలిసి ఆ హెడ్‌ఫోన్లకు మార్కులు వేశాం. నలుగురిదీ ఒకే చెవి.

ప్రణయ్ చెయ్యి సింధూజ కంటే ముందు దిగింది. కొంచెం ముందే. కొంచెం.

సెప్టెంబర్ 10

ప్రణయ్ పడుకునే గది సరిగ్గా సాంచాల పైన ఉంది. పుట్టినప్పటి నుంచీ అదే గది. ఇవాళ వాడి మంచం, బల్ల, వైర్లూ అన్నీ వెనకవైపు మా గదిలోకి మార్పించాను. మేం ఇద్దరం ముందు గదిలోకి వచ్చేశాం. మా ఆయన ఎందుకని అడిగారు. "మనకు ఇప్పుడు పోయేదేం లేదు గనక" అన్నాను, ఆయన మొహానికి ఎదురుగా నిలబడి.

ప్రణయ్ మంచం కాలు పట్టుకుని మోస్తూ, "నువ్వు బాధపడకు బాపమ్మా. నాకే ముందుగాల అనుమానమొచ్చింది. నేనే నోరు మూసుకున్న" అన్నాడు.

"ఇంకోసారి నోరు మూసుకుంటే చెవి మెలిపెడ్త."

"గిప్పుడు చెవి జోలికి పోకు" అన్నాడు. ఆదివారం తరవాత మొదటిసారి నవ్వాడు.

సెప్టెంబర్ 11

సంపత్ ఇంటికి వెళ్ళాను. నలుగురు కమిటీ వాళ్ళు కూర్చుని ఉన్నారు. మంచిదే అనుకున్నాను, ఒకరొకరికీ చెప్పే పని తప్పింది.

"పాట చెడగొట్టింది నా మనవడు కాదు. నేను. నాకు సన్నటి చప్పుళ్ళు వినిపియ్యవు. ఆ చెవులతోని హెడ్‌ఫోన్లు తయారుచేసి వాని నెత్తికి పెట్టిన. దాంట్ల చప్పట్లు మీదవడ్డట్టు వినిపిస్తె వాడు తగ్గిచ్చిండు. దాంతోని మైదానంల ఉన్న చప్పట్లు గూడ పోయినయి."

సంపత్ నా దగ్గర నాలుగో తరగతి చదివినవాడే. నిలబడ్డాడు, అలవాటు కొద్దీ.

"టీచరమ్మా, గట్లెందుకు..."

"కూసో. పద్దెనిమిదో తారీకు దాక టైం ఇయ్యి. అప్పటికి మంచిగ లేకపోతె డిండోలీ పిలగానికే ఇచ్చెయ్. నేను మల్ల రాను."

ఇచ్చాడు. అడిగిన తీరు అడుక్కున్నట్టు లేదని ఇంటికి వచ్చాక తృప్తి కలిగింది.

సెప్టెంబర్ 13

ఇవాళ హెడ్‌ఫోన్లు మళ్ళీ విప్పాను. ఈసారి కుర్చీలో సింధూజ కూర్చుంది, చెవులు ఆమెవి. గుడ్డ, కత్తెర, చేతులు నావి.

జార్జెట్ రెండు పొరలు వేశాను. విని, "ఇంకా ఉన్నది టీచర్" అంది. మూడు పొరలు. "ఎడమ దిక్కు బరాబర్. కుడి ఇంకా." కుడివైపు విప్పి చూస్తే గుడ్డ అంచు లేచి ఉంది. కంటికి కనిపించనంత. దాన్ని ఆ పిల్ల విన్నది.

నాకు ఒక పొరకూ మూడు పొరలకూ తేడా తెలియలేదు. ప్రతిసారీ ఆమె మొహం చూస్తూ కూర్చున్నాను. కనుబొమలు ముడిపడితే విప్పడం, విప్పి వేయడం. నలభై మంది పిల్లలను కళ్ళతో కూర్చోబెట్టినదాన్ని, ఒక పిల్ల కనుబొమల కోసం కూర్చున్నాను. మొదట్లో మెడ బిగుసుకుపోయింది. తరవాత పని మీద పడి మరిచిపోయాను.

మూడు పొరల కన్నా పలచటి నూలు మల్మల్ ఒక పొర, జార్జెట్ ఒక పొర మేలని మణికట్టు మీద ఊది నేనే చెప్పాను. వేసి ఇచ్చాను. సింధూజ కళ్ళు మూసుకుంది. కనుబొమలు కదలలేదు. పాట అయిపోయేదాకా తియ్యలేదు. తీసి, "గిది ఎట్ల తెలిసింది మీకు?" అంది.

"చెవులు పోయినయి గని ఊపిరి ఉన్నది కదా."

సంతోషి ఆమెకు భోజనం పెట్టింది. పప్పు మాడలేదు. పొయ్యి దగ్గర ఇప్పుడు నేను ఉండటం లేదు.

సెప్టెంబర్ 15

చెవుల డాక్టరు. కాగితం మీద గీత గీసి చూపించాడు. కొంత దూరం నేరుగా వచ్చి గోడ మీంచి దూకినట్టు కిందికి పడింది. చెవికి మిషన్ పెట్టుకోవాలన్నాడు. ధర చెప్పాడు. సగం ధరవి కూడా ఉంటాయి కదా అన్నాను. ఉంటాయి కానీ వాటిని ఇంట్లో విప్పకూడదు అన్నాడు. ప్రణయ్ ముందే చెప్పి ఉంచాడన్నమాట.

కొనడం పండుగ తరవాత.

సెప్టెంబర్ 18

ప్రణయ్ సంపత్‌కు పాట ఇచ్చాడు. నేను వినలేదు. వాడు హెడ్‌ఫోన్లు ఇస్తానన్నాడు, వద్దన్నాను. సింధూజ విన్నది. చాలు.

సెప్టెంబర్ 21, ఆదివారం

ఎంగిలిపూల బతుకమ్మ, పండుగ మొదటి రోజు.

మైదానం నిండిపోయింది. ఓంప్రకాష్ స్పీకర్ల దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ప్రణయ్ వాటి వెనక ఎక్కడో ఉన్నాడు, కనిపించలేదు. మొదటి పాట వాడిదే పెట్టారు.

వలయం కదిలింది. మొదటి చరణం. రెండో చరణం. చేతులన్నీ ఒక్కసారి విడిపోయాయి, ఒక్కసారి కలిశాయి. మూడో చరణానికి రెండో వలయం పుట్టింది, బయట నిలబడి చూస్తున్నవాళ్ళు వచ్చి కలిశారు. గుజరాతీ ఆడవాళ్ళు కూడా ఇద్దరు ముగ్గురు. ఓంప్రకాష్ కట్టుకున్న చేతులు విప్పాడు. అతని కుడికాలు నేలను కొడుతోంది, తనకు తెలియకుండానే. పల్సానా ఊసు ఇంక ఎత్తడు. నా కొడుకు, నాకు తెలుసు.

సంపత్ గుంపులోంచి తోసుకుంటూ వచ్చాడు. నా మొహానికి ఎదురుగా నిలబడి, పెదవులు బాగా కదిలిస్తూ అడిగాడు. నేర్చుకున్నాడు.

"టీచరమ్మా, సౌండ్ ఎట్లున్నది?"

మన సంఘంలో ఏ పనైనా చివరికి నన్నే అడుగుతారు. పందిరి కట్టినా, ప్రసాదం వండినా, పిల్లలతో నాటకం వేయించినా.

"నన్నడగకు" అన్నాను. "గా పిల్లనడుగు."

సింధూజ వలయంలో ఉంది, పూల పక్కన. సంపత్ అటు చూశాడు. ఆమె ఆగకుండానే, చేతులు కలుపుతూనే, తల గట్టిగా ఊపింది.

అప్పుడు చెప్పులు విడిచి నేనూ వలయంలోకి వెళ్ళాను. ఎదురుగా కనకవ్వ. ఆమె నా చేతులు చూస్తోంది, నేను ఆమెవి చూస్తున్నాను. పాట అయిపోయేదాకా చప్పట్లు కొట్టాను. ఒక్కటీ తప్పలేదు.